పద్నాలుగో రోజు

“రెంటికీ తేడా ఏంటే?” అంటూ లైల్ ట్రయల్‌కి తెచ్చిన రెండు ఫోన్లలో ఒకదాన్ని గోడకేసి కొట్టాడు. దాని అద్దం పొడిపొడిగా రాలింది.

“పద్నాలుగు రోజుల ట్రయల్ ఇవాళ్టితో సరి. ఒకటి ఉంచుకుని ఒకటి తిరిగిచ్చేయాలి. పగిలింది వాపసు తీసుకోరు” అంది అతని భార్య కొరీన్.

“నాకే చెప్తావా?” రెండోదాన్ని ఆమె మొహానికేసి విసిరాడు. కనుబొమ్మ చిట్లి రక్తం కారింది. ఫోన్ ఫ్రిజ్ కిందికి జారింది.

అక్కణ్ణించి ఓ గొంతు వినిపించింది. “911 ఎమర్జెన్సీ. ఈ ఫోన్ గట్టిగా పడటంతో దానంతటదే మాకు కాల్ చేసింది. ఎవరికైనా దెబ్బ తగిలిందా?”

లైల్ ఆమె జుట్టు పట్టుకున్నాడు. “ఎప్పట్లాగే మంచులో జారానని చెప్పు!”

కొరీన్ గొంతు పెంచింది. “జారలేదండీ. మా ఆయన కొట్టాడు.”

అతని పట్టు సడలింది. ఆమె రక్తం తుడుచుకుంది.

“తేడా అడిగావుగా, లైల్? విసిరికొడితే ఇది నోరు మూసుకోదు. ఇదే ఉంచుకుంటున్నా.”