కసిరే వింధ్య

ఆ ఉదయం మబ్బులు పడుకున్న గొర్రెల్లా కదలకుండా ఉన్నాయి. మా ఆవిడ శ్రావణి ప్రేమకథలు రాస్తుంది. వాటిని ఊరందరికీ వినిపించే మా ఇంటి కథలపెట్టె, వినేవాళ్లకి నచ్చని నాయికని మూడోనాటి మధ్యాహ్నానికి తనే నవ్వులమ్మాయిగా మార్చేస్తుంది. ఒక్కరైనా ఇష్టమంటే ఉన్నదున్నట్టే వదిలేస్తుంది. ఈ కథలో వింధ్య ప్రేమించినవాణ్ణి కూడా కసురుతుంది, తప్పు ఒప్పుకోదు. ఆ రోజే మూడోరోజు. ఇష్టమని ఎవరూ అనలేదు.

"పోనీలే, ఇదీ అందరిలాగే ఇకిలిస్తుంది," అంటూ శ్రావణి కళ్లు తుడుచుకుని పులుసు కలిపింది.

నేను వెళ్లి పెట్టె ముందు కూర్చున్నాను.

"నాకు వింధ్య ఇష్టం."

"ఎందుకిష్టం?" అనడిగింది పెట్టె.

"ముప్పై ఏళ్లుగా దాంతోనే కాపురం చేస్తున్నా."

గరిట చప్పుడు ఆగింది.

"నీకూ నోరుందన్నమాట!" అంది శ్రావణి.

పెట్టెలో వింధ్య మళ్లీ ఎవర్నో కసిరింది. పులుసులో ఉప్పు రెండుసార్లు పడింది. అయినా ఇద్దరం గిన్నె ఖాళీ చేశాం.