రబ్బరు బంతి

అమ్మాజీ గారు పోయారని ఆ సాయంత్రమే కబురొచ్చింది. రాత్రి డ్యూటీలో ఉన్న స్కానింగ్ టెక్నీషియన్ నాగసతీష్‌కి మనసు మనసులో లేదు.

ఆమె బండారులంకలో మగ్గం నేసే మనిషి. కండరాల్లో వాపు ఎంత పాకిందో చూడమని పోయిన నెల డాక్టరు గారు ఎమ్మారైకి పంపారు. "భయమేస్తే ఇది నొక్కండి పిన్నిగారూ, బెల్లు మోగుద్ది, వచ్చేస్తాను" అని నాగసతీష్ ఆమె చేతిలో రబ్బరు బంతి పెట్టాడు. బెల్లు మోగలేదు. మిషను గొట్టంలోంచి బయటికి తీసేసరికి ఆమె చెంపలు తడిసి ఉన్నాయి.

"నొక్కుతానే ఉన్నానండి. మోగలేదండి."

"బెల్లు బాగానే ఉందండీ" అని నవ్వేశాడు.

ఆమె ఆటో వెళ్లిపోయాక చూస్తే, స్క్రీన్ మీద చేతి కండరాలన్నీ వాపుతో తెల్లగా మెరుస్తున్నాయి. బంతి నొక్కే సత్తువ ఆ చేతికి ఎప్పుడో పోయింది.

ఇప్పుడు స్కాన్ గదికి తాళం వేసి ఉంది. లోపల ఎవరూ లేరు.

బెల్లు మోగింది.

అతను తాళం తీశాడు. ఖాళీ బల్ల మీద బంతి, ఎవరో నొక్కి పట్టుకున్నట్టు సొట్టబోయి ఉంది.

"వచ్చేనండి పిన్నిగారూ. తప్పైపోయిందండి."

బెల్లు ఆగింది. బంతి మెల్లగా ఉబ్బింది. అంతలోనే మళ్లీ సొట్టబోయింది, ఈసారి పిడికిట్లో నలిగినంత గట్టిగా.