ఖాళీ లేని గీత

“స్నానం చేయకుండా ఆరాధనకి ఎలా వెళ్తానే, సరళా?” పౌలురాజు బనీను ఎత్తి, ఛాతీకి అతికించిన బిళ్ళలనూ నడుముకి వేలాడుతూ గుండె కొట్టుకోవడాన్ని రికార్డు చేసే చిన్న మిషన్‌నూ చూపించాడు. “ఇప్పటికే పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టుంది. పైగా చెమట కంపు కూడానా?”

“రేపు పొద్దున దాకా తడపొద్దన్నారండీ.”

జూన్ నెల. జనక్‌పురిలో పొద్దున్నే వడగాలి మొదలైంది. పోయిన ఆదివారం చర్చిలో కీర్తన అందుకోబోతూ పౌలురాజు కళ్ళు తిరిగి పడిపోయాడు. అప్పటి నుంచి తన గుండె మీద తనకే నమ్మకం పోయింది. తనకేమైనా అయితే సరళ ఒంటరిదైపోతుందన్నదే అతని బెంగ.

సరళకుమారి ముప్పై ఏళ్ళుగా నర్సు. చార్టులో ఒక్క గడి ఖాళీగా కనిపించినా ఆమెకు ఆ పూట అన్నం సయించదు. అయినా మొగుడి మొండితనం ముందు ఆ అనుభవమంతా దిగదుడుపే.

“సరే, త్వరగా కానివ్వండి,” అంటూ వైర్లు ఊడదీసింది. కింది కుళాయి నుంచి బకెట్ మోసుకొచ్చిన ఆయాసం ఆమెకింకా తీరలేదు.

“నేను తెచ్చుకునేవాణ్ణిగా?”

“మీ గుండె సంగతి తేలేదాకా మీరేం మోయొద్దు. నా ఆయాసానిదేముంది, ఎండకి వచ్చిందే.”

బాత్రూంలోంచి పౌలురాజు కేకేశాడు. “రికార్డు మధ్యలో తెగిపోతుందేమోనే!”

“తెగదు లెండి. నేను చూసుకుంటాగా!”

నీళ్ళు మీద పడేసరికి అతనికి పాట తన్నుకొచ్చింది. చరణాలన్నీ అయ్యాకే బయటికొచ్చాడు. సరళ అటు తిరిగి చీర సర్దుకుంటోంది. అతని ఛాతీ తుడిచి, కొత్త బిళ్ళలు అతికించి, మిషన్ తగిలించింది.

మంగళవారం డాక్టర్ కేశవరావు కంప్యూటర్ తెరను వాళ్ళవైపు తిప్పాడు.

“గుండె గడియారంలా కొట్టుకోకూడదు అంకుల్. ఊపిరి పీల్చినప్పుడు కాస్త త్వరగా, వదిలినప్పుడు నిదానంగా, ఆ తేడా ఉండాలి. మీకది భేషుగ్గా ఉంది. ఆ రోజు పడిపోయింది ఎండ దెబ్బకే.”

పౌలురాజుకి ప్రాణం లేచొచ్చింది.

“కానీ ఆదివారం పొద్దున ఈ కాసేపు చూడండి. ఆ తేడానే లేదు, స్కేలు పెట్టి గీసినట్టుంది. ఇలాంటి రికార్డులు వందల కొద్దీ చూశాను. ఈ గుండెకి వైద్యం ఆలస్యం చేయకూడదు. మళ్ళీ అంతలోనే ఎలా బాగైందో అర్థం కావట్లేదు. అప్పుడేం చేస్తున్నారు?”

పౌలురాజు తల దించుకున్నాడు. “తప్పయిపోయింది డాక్టర్ గారూ. మిషన్ తీసేసి స్నానం చేశాను. సరళనేం అనకండి, మొండికేసింది నేనే.”

“తీసేస్తే ఇక్కడ ఖాళీ రావాలి కదా?”

ఇద్దరూ సరళకుమారి వైపు చూశారు. ఆమె తెర మీది గీతనే చూస్తోంది.

“ఖాళీ ఉండకూడదని నేను తగిలించుకున్నానండీ.”