యేసన్న సాక్ష్యం

"రాఘవేంద్ర ఇల్లు యాడప్పా?"

ఆంజి చేతిలో కత్తి ఆగింది. కుర్చీలో సగం గడ్డంతో, సగం నురగతో కూర్చున్న రాఘవేంద్రకు గుండె జారి అరికాళ్లలోకి వచ్చింది. షాపు గడప దగ్గర తెల్ల చొక్కా మనిషి. భుజానికి సంచి, సంచిలో కాగితాల కట్ట.

"మీరెవరు సార్?" అన్నాడు ఆంజి.

"కోర్టు నుంచి వచ్చినా."

ఇంకొక్క ముక్క అక్కర్లేదు. ఆ ఊళ్లో కోర్టు మనిషికి ఎవరూ ఎవరి ఇల్లూ చూపించరు. పగవాడి ఇల్లయినా సరే. ఈరోజు వాడి వంతు, రేపు మన వంతు. ఆంజి ఏమీ విననట్టు కత్తి తుడుచుకోసాగాడు.

నాలుగు రోజులుగా రాఘవేంద్ర భయపడుతున్నది ఈ గండానికే. తన చీనీ తోటకు పోయే దారిని ముళ్లకంప వేసి మూసేసిందని సుబ్బరత్నమ్మ మీద అతను కేసు వేశాడు. ఆమె వరసకు వదిన. వదిన గనక ఊరుకోలేదు. "నా బోరు పక్కనే నువ్వు బోరు ఎయ్యలేదా? నీ మీద నేనూ ఏస్తా కేసు" అని నడివీధిలో చెప్పింది. అప్పటినుంచీ రాఘవేంద్రకు ఒకటే కోరిక. తన కేసు పరుగెత్తాలి, ఆమె కేసు కుంటాలి.

సమన్లు అందకపోతే కేసు కదలదని ఎవరో చెప్పారు. ఈ కాలంలో సమన్లు వాట్సాప్‌లో కూడా వస్తాయని, రెండు నీలం గీతలు పడితే అందినట్టేనని ఇంకెవరో చెప్పారు. ఆ గంటలోనే ఫోను ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టాడు. తన వకీలు చేసినా, ఆ దేవుడే చేసినా ఇక బియ్యానికే వినపడాలి.

అతని ప్రాణమంతా ఆ తోటలోనే ఉంది మరి. ఏడేళ్లు ట్యాంకరు నీళ్లు పోసి బిడ్డల్లా సాకిన బత్తాయి చెట్లు, ఈసారి కొమ్మలు వంగేలా కాశాయి. పదిహేను రోజుల్లో కోర్టు దారి తెరిపించి, లారీ లోపలికి పోకపోతే కాయంతా నేల పాలే. ఈ సమయంలో ఇంకో కేసు మెడకు చుట్టుకుంటే తట్టుకోలేడు.

"రాఘవేంద్ర ఊర్లో లేడు సార్," అన్నాడు నురగ చాటు నుంచి. "బళ్లారికి పోయినాడు. ఎప్పుడొస్తాడో ఆయప్పకే తెలీదు."

"ఫోను గూడా పలకడంలేదు." వచ్చినాయన చెమట తుడుచుకున్నాడు. "పొద్దున్నించీ ఆయప్ప కోసమే కాసుకోని ఉండా. తోట కాడికి పోయి వచ్చినా. కంప తప్ప ఏం కనపడలా. ఆ తోటకు దారి యాడప్పా?"

రాఘవేంద్ర బుర్ర గబగబా పనిచేసింది. మనిషి దొరక్కపోతే కాగితాన్ని తలుపుకు అంటించి పోతారని అతనికి తెలుసు. ఇల్లు దొరకలేదు కదా, తోటలో ఉన్న కొట్టం తలుపుకు అంటిస్తాడన్నమాట.

"ఆ తోటకు దారే లేదు సార్."

"ఇప్పుడు లేదా, ముందునుంచీ లేదా?"

"నాకు బుద్ధి తెలిసినప్పట్నుంచీ లేదు."

"మరి రాఘవేంద్ర ఎట్ల పోతాడు?"

"గట్ల మీద ఎగురుకుంటా పోతాడు, మేక మాదిరి."

"బండి పోదా?"

"బండా? ఆడికి పోవల్లంటే పాము గూడా ఆలోచన చేస్తాది."

వచ్చినాయన బల్ల చివర కూర్చుని, సంచిలోంచి కాగితం తీసి, చెప్పింది చెప్పినట్టు రాసుకోసాగాడు. సరిగ్గా అప్పుడే సుబ్బరత్నమ్మ వచ్చి షాపు ముందు నిలబడింది. రాఘవేంద్ర పని అయిపోయింది. నురగ కోర్టు మనిషిని మోసం చేస్తుంది గానీ వదినను మోసం చేస్తుందా?

"నీ పేరేమప్పా?" అన్నాడు వచ్చినాయన.

రాఘవేంద్ర నోటికొచ్చిన పేరు చెప్పాడు. "యేసన్న."

"ఏమ్మా, ఈయప్ప నీకు తెలుసునా?"

సుబ్బరత్నమ్మ నురగ మొహాన్ని చూసింది. రాసిన కాగితాన్ని చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తెలీకేం సార్. మా యేసన్న. ప్రాణం పోయినా అబద్ధమాడడు."

రాఘవేంద్రకు కళ్లు చెమర్చాయి. ఎంత పగ ఉన్నా ఊరి కట్టుబాటు తప్పలేదు మహాతల్లి. ఇలాంటి మనిషినా తను కోర్టుకు ఈడ్చింది? కాయ కోయగానే మొదటి గంప ఆమె ఇంటికే పంపాలని అక్కడికక్కడే మొక్కుకున్నాడు.

"చెప్పినదానికి కింద సంతకం పెట్టప్పా."

సంతకం పెడితే పేరు బయటపడుతుంది. రాఘవేంద్ర అంత తెలివితక్కువవాడా? "చదువు రాదు సార్" అని ఎడమ బొటనవేలు సిరాలో ముంచి గట్టిగా, గుండ్రంగా ముద్ర వేశాడు.

వచ్చినాయన కాగితం మడిచి సంచిలో పెట్టుకుని లేచాడు. గండం గడిచింది. గడిచిన గండాన్ని ఊరికే పోనివ్వడం రాఘవేంద్రకు చేతకాలేదు.

"రాఘవేంద్ర వస్తే ఏమని చెప్పమంటారు సార్?"

"తోటకు దారి ఉండాది, ఒక వకీలును పంపి తనిఖీ చేయించండని ఆయప్ప కోర్టులో పిటిషన్ ఏసినాడు కదా," అన్నాడు వచ్చినాయన బండి తిప్పుకుంటూ. "ఆ వకీలు వచ్చి, చూసి, ఊర్లో అడిగి, రాసుకోని పోయినాడని చెప్పు యేసన్నా."