మాతృభాషకు రుజువు

"ఫైల్లో ఒక్క కాగితం తక్కువైంది పాపా," అన్నాడు బడి మేనేజరు అబూ ఘాలిబ్, కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుంటూ. "నీ మాతృభాష ఇంగ్లీషేనని రుజువు."

హేజెల్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అరబ్బు దేశపు ఊరు ఇర్బిద్‌లో ఆమె ఎక్కిన పదకొండో బడి గుమ్మం ఇది. ఒకటో తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం నోటిదాకా వచ్చింది. ఇదీ జారిపోతే వచ్చేవారం వీసా గడువు తీరగానే ఇంటిదారి పట్టాల్సిందే.

"ఇంగ్లండులో పుట్టి పెరిగినదాన్నండీ! ఇప్పుడు మాట్లాడుతున్నది ఇంగ్లీషే కదా!"

"నేనూ అదే మాట్లాడుతున్నా. నేను ఇంగ్లండువాణ్ణా?"

"డిగ్రీ ఉంది, పాస్‌పోర్టు ఉంది..."

"డిగ్రీ నువ్వేం చదివావో చెబుతుంది. పాస్‌పోర్టు ఎక్కడ పుట్టావో చెబుతుంది. మాతృభాష అన్నాక తల్లి వచ్చి చెప్పాలా వద్దా?" మరమియా ఆకు వేసిన టీ గ్లాసు ఆమె ముందుకు జరిపాడు. "తాగు, చల్లారిపోతుంది."

"ఫోన్ కలిపి ఇస్తాను. మా అమ్మతో మాట్లాడండి."

"ఫోన్లో ఎవరైనా అమ్మే!"

గురువారం పొద్దున్నే హేజెల్ తల్లి డోరీన్ బడిలో దిగింది. ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీ సంతలో ముప్పై ఏళ్లు చేపలమ్మిన గొంతు ఆమెది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఏమయ్యా, నా కూతురికి మాటలు నేర్పింది నేను కాక నీ తాతా? మోకాళ్ల నొప్పులతో రెండు విమానాలు మారి వచ్చాను, ఈ ముక్క చెప్పడానికా?"

అక్కణ్ణుంచి పావుగంట, ఊపిరి తీసుకోకుండా కడిగి ఆరేసింది. హేజెల్ తలపట్టుకుంది. ఇంటర్వెల్‌కు వదిలిన పిల్లలు కిటికీ దగ్గర మూగారు. డోరీన్ నోట్లోంచి ఊడిపడ్డ ప్రతి తిట్టునూ యాస పోకుండా కోరస్‌గా అప్పజెప్పారు.

అబూ ఘాలిబ్ నోరెళ్లబెట్టి విన్నాడు. "మాషా అల్లా!" అంటూ కాగితం రాసి, ఠప్పున ముద్ర కొట్టాడు.

హేజెల్ ఆనందం పట్టలేక తల్లిని వాటేసుకుంది. తర్వాత కాగితం చదివి బిగుసుకుపోయింది.

"ఇందులో టీచరుగా మా అమ్మ పేరు రాశారేంటండీ! ఉద్యోగం అడిగింది నేను కదా?"

అబూ ఘాలిబ్ జాలిగా చూశాడు. "ఒరిజినలే చేతికొచ్చాక జిరాక్సు ఎవరు తీసుకుంటారు పాపా?"