ఖాళీ పోర్టు

పక్క ఇంటర్నెట్ కంపెనీకీ మా కంపెనీకీ నేరుగా ఉన్న లింకును తీసేసింది నేనే. వాళ్ల ఇంజనీరు మీటింగులో నలుగురి ముందు నన్ను కడిగేశాడని కక్ష. కాల్స్, మెసేజ్‌లు వేరే కంపెనీల మీదుగా చుట్టుదారిలో వెళ్తాయిలే అనుకున్నాను గానీ, ఆ దారి ఉందో లేదో చూడలేదు. లేదు. తెల్లారి మా బాసు వేరే దారి ఏర్పాటు చేసేదాకా, వాళ్ల నెట్ వాడేవాళ్లెవరికీ మా నెట్ వాడేవాళ్లు అందలేదు.

అక్క ఇంట్లో ఫోన్ సిగ్నల్ ఉండదు. కాల్ చేయాలన్నా ఆ పక్క కంపెనీ నెట్టే దిక్కు. ఆ రాత్రి ఆయాసం ముంచుకొచ్చి నాకు పదకొండుసార్లు కాల్ చేసింది. నా ఫోన్ మా కంపెనీ నెట్ మీద ఉంది, ఒక్కటీ నాకు రాలేదు. బావ డ్యూటీ దిగి వచ్చేసరికి అంతా అయిపోయింది.

"మెషీన్లు పాడయ్యాయి బావా," అన్నాను.

ఆయన నా భుజం తట్టాడు. "నువ్వు మాత్రం ఏం చేస్తావురా?"

పది రోజులకు బాసు ఆ లింకు మళ్లీ కలపమన్నాడు. రాత్రి సర్వర్ రూములో ఒక్కడినే ఉన్నాను. ఫ్యాన్ల హోరు తప్ప మరో చప్పుడు లేదు. పోర్టులో గుచ్చాల్సిన కేబుల్ ఇంకా నా చేతిలోనే ఉంది.

ఖాళీ పోర్టు పక్కన, లింకు కలిస్తేనే వెలగాల్సిన పచ్చలైటు వెలిగింది.

జేబులో ఫోన్ మోగింది. తెర మీద అక్క పేరు. ఎత్తాను. కాసేపు ఆయాసమే వినిపించింది.

"ఏరా, పనిలో ఉన్నావా? మళ్లీ చేయనా?"