అక్క బ్రేకు తొక్కింది

“గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్ళకు పక్షవాతం వస్తే కోలుకోవడం కాస్త కష్టమేనమ్మా. మీ అక్కగారి వయసు, మెదడు దెబ్బతిన్న తీరు కూడా చూశాను. కుడికాలు మళ్ళీ కదులుతుందన్న ఆశ తక్కువే,” అన్నాడు డాక్టరు.

ఊళ్ళో సగంమందికి కారు నడపడం నేర్పిన అక్క, చక్రాల కుర్చీలో తల దించుకుంది. అది చెల్లెలు చూడలేకపోయింది.

“పదవే అక్కా, అలా తిరిగొద్దాం,” అంటూ కుర్చీని వరండాలోకి తోసింది. ఏటవాలు మీదకి రాగానే కుర్చీ పరుగందుకుంది.

“అయ్యయ్యో, ఇది ఆగదేంటే అక్కా!”

చెల్లెలు పిడులు వదలకుండా వెనకాలే పరిగెత్తింది. ఎదురుగా ఉతికిన దుప్పట్ల బండి. అక్క కుడిపాదం కుర్చీకి కాళ్ళు పెట్టుకునే మెట్టు మీద ధన్‌మని పడింది. కుర్చీ మాత్రం వెళ్ళి దుప్పట్లలో దూరింది.

డాక్టరు పరిగెత్తుకొచ్చాడు.

“అక్క బ్రేకు తొక్కిందండీ! కుడికాలితో!”

“ఉలికిపాటు అయ్యుండొచ్చు. అమ్మా, మళ్ళీ తొక్కండి.”

అక్క కళ్ళు మూసుకుంది. పాదం మెల్లగా, మొండిగా కిందికి నొక్కింది.

చెల్లెలు దుప్పట్ల మధ్య కూలబడి పగలబడి నవ్వింది. “మీ లెక్కలో నా డ్రైవింగు కలపలేదు కదండీ!”

“కలపలేదమ్మా.” డాక్టరుకీ నవ్వాగలేదు. “నా అంచనా ఇలాంటి వందమంది గురించి. మీ అక్కగారి సంగతి ఆవిడే చెప్పాలి.”

అక్క పెదవులు వంకరగా కదిలాయి. చెల్లెలు కారు నడుపుతుంటే పక్కన కూర్చుని, ‘మెల్లగా, మెల్లగా’ అంటూ ప్రాణం తోడేసిన మనిషి.

“ఇం...కా,” అంది. “ఇంకా స్పీ...డుగా.”